ఈ పొద్దు ఏం తిరగతాండాది?

మా గ్రూపుకు ఆ పేరు పెట్టింది పుంగనూరు తమ్ముడు. ఫోనులో ఉండే ఆ గ్రూపులో మేం ముగ్గురమే. మదనపల్లెలో నేను, పుంగనూరులో అతను, కుప్పంలో పెద్దాయన. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఎవరి ఇంట్లో వాళ్లం ఒక పాత రికార్డు పెట్టుకుంటాం. అట్ట ఫోటో తీసి పంపుతాం. పాటలోంచి అర నిమిషం ఫోనులో పట్టి పెడతాం. కింద రెండు ముక్కలు రాస్తాం. మిగతా ఇద్దరూ విని ఏదో ఒకటి అంటారు. ఆరేళ్లుగా జరుగుతున్నది ఇంతే. బయటివాళ్లకు చెబితే నవ్వుతారేమో గానీ, నాకు మాత్రం వారమంతా ఆ నాలుగింటి కోసమే గడుస్తుంది.

నా దగ్గరున్నవి ఎక్కువగా గాస్పెల్ రికార్డులు. అవి నేను కొన్నవి కావు. మా నాన్న మిషన్ ఆసుపత్రిలో జీపు డ్రైవరు. నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు, ఆ ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసిన డాక్టరు దొరసాని తన దేశానికి తిరిగి వెళ్లిపోతూ, తన రికార్డు ప్లేయరునూ ఒక చెక్క పెట్టెడు రికార్డులనూ నాన్నకు ఇచ్చేసింది. అమెరికాలో నల్లవాళ్ల చర్చిల్లో పాడే పాటలవి. నలుగురు మగవాళ్లు కలిసి పాడతారు. ఒకడి గొంతు పైకెక్కి ఏడుస్తుంటే, ఇంకొకడు అడుగున నిలబడి ఊతమిస్తుంటాడు. నాన్నకు ఆ అడుగు గొంతు మీద ప్రాణం. మా చర్చి పాటల బృందంలో బేస్ ఆయనదే. ఇంగ్లీషు ముక్క రాదు. ప్లేయరు ముందు గొంతుక్కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి, మాటలు లేకుండా ‘ఊఁ... ఊఁ...’ అని ఆ గొంతును పట్టుకునేవాడు. వంటింట్లోంచి అమ్మ అరిచేది: “ఏం, జీపు ఇంకా స్టార్టు కాలేదా?”

రికార్డులను నాన్న ‘ప్లేట్లు’ అనేవాడు. ఉతికి మెత్తబడిన పంచె ముక్కతో తుడిచి, అంచులు మాత్రమే పట్టుకుని తీసేవాడు. మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక ఆ పెట్టె నా దగ్గరికి వచ్చింది. అదే ఆసుపత్రి ల్యాబులో నేను ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. ఆ కాలమంతా పెట్టె మంచం కిందే ఉండిపోయింది. రిటైరయ్యాక ఒకరోజు బయటికి తీసి పెడితే ప్లేయరు తిరగలేదు. లోపల రబ్బరు బెల్టు తెగిపోయి ఉంది. మదనపల్లెలో ఎవరూ చేయలేమన్నారు. పుంగనూరులో మైకు సెట్లు అద్దెకిచ్చే అంగడివాడు చేస్తాడని చెబితే, ప్లేయరును చీరలో చుట్టుకుని బస్సెక్కాను.

అంగడి ముందు ఒక పొట్టి ఆవు కట్టేసి ఉంది. లోపల యాభై దాటిన మనిషి కూర్చుని ఉన్నాడు, ఇప్పుడు తమ్ముడంటున్నది ఇతన్నే. వెనక గోడకు పాత గొట్టం మైకులు వేలాడుతున్నాయి. బెల్టు వేశాక, సరిచూడటానికని ఆయన తన బీరువాలోంచి ఒక రికార్డు తీసి పెట్టాడు. అది జాజ్. ఆ బీరువా నిండా జాజే. బెంగళూరులో ఆదివారం సంతకు పోయినప్పుడల్లా పాత సామాన్ల మధ్య వెతికి తెచ్చుకున్నవట. అట్టల మీది ఇంగ్లీషు చదవలేడు.

“అర్థమవుతాదా అప్పా నీకు?” అని అడిగాను.

“యాల అర్థం కాదక్కా? బాకా ఊదేవాడు ఏ బాసలో ఊదుతాడు సెప్పు?” అన్నాడు.

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పాడు. “కుప్పంలో ఒక పెద్దాయన ఉండాడు. మనలాంటి పిచ్చోడే. ప్లేయరు ముల్లు అరిగినప్పుడల్లా ఈడికే వస్తాడు. మిమ్మల్నిద్దరినీ కలపాల.”

అట్లా కలిశాం. కుప్పం పెద్దాయన రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి దిగిన మనిషి. ఆయనతో పాటు బండి నడిపిన డ్రైవరు ఒకాయన ఆంగ్లో ఇండియన్, కోలారు బంగారు గనుల ఊరివాడు. గనులు మూతపడ్డాక ఆ కుటుంబం వేరే దేశం పోతూ రికార్డులన్నీ ఈయనకు అప్పగించింది. మా ముగ్గురిలో రాతగాడు ఆయనే. మేం ‘బాగుండాది’ అని ఊరుకునే చోట ఆయన అసలు సంగతి పట్టేవాడు. ‘ఈ శాక్సఫోను సూడండి, నిండు లోడుతో ఎత్తు ఎక్కే గూడ్సు మాదిరి రొప్పుతాండాది. దిగేటప్పుడు ఎంత నిమ్మళమో’ అని రాసేవాడు. ఆయన రాసింది చదివి పాట మళ్లీ వింటే, నాకు నిజంగా చక్రాలు వినిపించేవి.

పోయిన ఏడాది వానాకాలం నుంచి ఆయన పాటలు పట్టి పంపడం మానేశాడు. ఫోటో, రాత మాత్రం వచ్చేవి. ఫోను చెడిపోయిందన్నాడు. కాల్ చేస్తే ఎత్తేవాడు కాదు. మేం పెట్టిన పాటలకు ‘బాగుండాది’ అని ఒక్క మాట రాసి ఊరుకునేవాడు. పెద్దవయసు కదా, ఓపిక తగ్గిందేమో అనుకున్నాం.

ఒక ఆదివారం ఉన్నట్టుండి పాట వచ్చింది. ఆడమనిషి పాడుతోంది. కానీ గొంతు కోడిపిల్ల కూతలా కీచుమంటూ పరుగెత్తుతోంది. నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు తిరగాల్సిన రికార్డును నలభై ఐదు స్పీడులో పెట్టాడు. కింద రాసింది చూస్తే: ‘ఎంత బరువైన గొంతో వినండి. గుండె మీద చెయ్యి పెట్టినట్లుండాది.’

ఎకసక్కెం చేస్తున్నాడనుకున్నాం. పుంగనూరు తమ్ముడు నవ్వే బొమ్మలు పది పంపాడు. దానికి జవాబు రాలేదు.

తర్వాతి వారం ఇంకో పాట వచ్చింది. ముల్లు ఒక గీతలో చిక్కుకుని, అవే మూడు మాటలు అర నిమిషం పాటు తిరిగి తిరిగి వచ్చాయి. కింద రాత: ‘సివరిదాకా వినండి. ఎంత అందంగా ముగించినాడో.’

నేను మూడుసార్లు విన్నాను. పుంగనూరుకు ఫోన్ చేశాను.

“తమ్ముడూ, ఆయనకు వినపడటం లేదప్పా.”

“నేనూ అదే అనుకుంటి అక్కా. నోట్లోంచి రాలేదు,” అన్నాడు.

ఆ శనివారం ఇద్దరం బయలుదేరాం. నేను మదనపల్లె నుంచి వచ్చే బస్సులో ఉండగా పుంగనూరులో అతను పనిముట్ల సంచితో ఎక్కాడు. పలమనేరులో బస్సు మారాం. నా ఒడిలో తువ్వాలులో చుట్టిన రికార్డు ఒకటి ఉంది, నాన్నకు ఇష్టమైనది. ఊరికే చేతులూపుకుంటూ పోవడం ఇష్టంలేక తీసుకున్నాను. వినపడని మనిషి దగ్గరికి పాట తీసుకుపోతున్నానేమిటా అని దారి పొడుగునా పీకుతూనే ఉంది. శాంతిపురం దగ్గర గ్రానైటు రాళ్ల లారీ అడ్డం తిరిగి బస్సు ఆగిపోయింది.

“పోయి ఏమని అడుగుదాం అక్కా?” అన్నాడు తమ్ముడు.

“ఏమీ అడగొద్దు. సూసొద్దాం.”

“అడక్కుండా యాల పోతాండాం మరి?”

అంతలో లారీ తప్పుకుని బస్సు కదిలింది.

కుప్పంలో తలుపు తీసింది పెద్దాయన కూతురు. అక్కడే బళ్లో టీచరు. తండ్రీకూతుళ్లిద్దరే ఆ ఇంట్లో. మమ్మల్ని ఫోటోల్లో చూసి ఉంది కాబట్టి గుర్తుపట్టింది. గడపలోనే ఆపి, గొంతు తగ్గించి అడిగింది: “తెలిసి వచ్చినారా, తెలీకుండా వచ్చినారా?”

“తెలిసే వచ్చినామమ్మా,” అన్నాను.

ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెవుల నరాలు బలహీనపడ్డాయని డాక్టరు చెప్పి ఏడాది దాటిందట. వినికిడి మిషను తెస్తే రెండు దినాలు పెట్టుకుని సొరుగులో పడేశాడట. “గ్రూపులో ఎవురికీ సెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడమ్మా,” అంది.

లోపల ఆయన మాకు వీపు చేసి కూర్చుని ఉన్నాడు. ప్లేయరు తిరుగుతోంది. ఎడమ అరచెయ్యి స్పీకరు పెట్టె మీద ఆనించి, కళ్లు మూసుకుని, కాలి బొటనవేలు ఆడిస్తున్నాడు. పాట అదే తప్పు స్పీడులో కీచుమంటోంది. మేం వచ్చిన అలికిడి ఆయనకు తెలియలేదు.

తమ్ముడు పాపం కావాలని చేయలేదు. నలభై ఏళ్లు మైకు సెట్లతో బతికిన చెయ్యి అది, తప్పు స్పీడు విని ఊరుకోలేదు. చటుక్కున పోయి మీటను ముప్ఫై మూడు మీదికి జరిపేశాడు. పాట తన అసలు గొంతులోకి దిగింది. ఆ మార్పు అరచేతికి తెలిసి పెద్దాయన కళ్లు తెరిచాడు. తమ్ముణ్ణి చూశాడు, నన్ను చూశాడు, మీటను చూశాడు.

“ఎన్ని వారాలుగా?” అన్నాడు, పెద్ద గొంతుతో.

కూతురు నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. అబద్ధం రాద్దామా అనిపించింది. చివరికి పెద్ద అక్షరాలతో ‘ఒక వారం స్పీడు తప్పు. ఇంకో వారం ముల్లు చిక్కింది’ అని రాసి చూపించాను.

ఆయన చదివి, పుస్తకం మూసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తర్వాత ఆయనే చెప్పుకొచ్చాడు.

“ముందు ట్రంపెట్ పోయిందమ్మా. పై గొంతులన్నీ ఒగటొగటే దిగి ఎళ్లిపోయినాయి, స్టేషన్ స్టేషన్లో జనం దిగినట్ల. తర్వాత పియానో. ఇప్పుడు బేసు ఒగటే మిగిలింది. అదీ చెవికి గాదు, చేతికి. మిషను పెట్టుకుంటే మనిషి మాట తెలుస్తాది. పాట మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్లుంటాది. అందుకే తీసి పారేసినా.”

‘మాకు యాల చెప్పలేదు?’ అని రాశాను.

“సెప్తే జాలిపడి ఉంచుకుంటారు. జాలితో ఉంచుకుంటే నాకొద్దు. మీకు అనుమానం రాకూడదనే మళ్లా పాటలు పట్టి పంపినా,” అన్నాడు. మళ్లీ తనే, “ఆదివారం లేకపోతే నేనేం సేసేదమ్మా?” అన్నాడు. తమ్ముడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అన్నాలయ్యాక తువ్వాలు విప్పి నా రికార్డు ఇచ్చాను. ఆయన అట్ట తిప్పి చూసి, తానే పెట్టాడు. రెండు చేతులూ స్పీకరు మీద ఆనించాడు. నలుగురు మగవాళ్లు అందుకున్నారు. కాసేపటికి ఆయన మొహం విచ్చుకుంది. “అడుగున ఒగడుండాడు. వాడు కదలడు. మిగతావాళ్లంతా వాడి మీద నిలబడుకోని పాడతాండారు, అవునా?” అన్నాడు.

నాన్న గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్న తీరు కళ్లముందుకొచ్చింది. ఆ గొంతు గురించి నేను ఎవరికీ ఎప్పుడూ చెప్పుకోలేదు, అడిగినవాళ్లూ లేరు. పుస్తకం తీసుకుని ఒక పేజీ నిండా రాశాను. జీపు, పంచె ముక్క, దొరసాని, అమ్మ మాట, అన్నీ. రాసేటప్పుడు అక్షరాలు అలికినట్టు కనిపించాయి. ఆయన ఓపిగ్గా చదివాడు. అమ్మ మాట దగ్గరికి వచ్చేసరికి ఇల్లదిరేలా నవ్వాడు. ఆ నవ్వు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. కూతురు వంటింట్లోంచి పరుగున వచ్చి చూసింది.

తమ్ముడు ఈ మాటల్లో లేడు. ఆయన కూర్చునే చెక్క బల్లను వంగి చూస్తున్నాడు, గుద్ది చూస్తున్నాడు. సాయంత్రం బస్సులో కూడా ఏమీ చెప్పలేదు. తర్వాతి బుధవారం ఒంటరిగా మళ్లీ కుప్పం పోయాడు. పాత మైకు సెట్టులోని పెద్ద స్పీకరు విప్పి తీసుకుపోయి, ఆ బల్ల అడుగున పైకి చూసేట్టు బిగించాడు. స్పీడు మీట కదలకుండా చిన్న మేకు కూడా కొట్టాడు. పెద్దాయన బల్ల మీద కూర్చుని పాట పెట్టగానే ఎగిరిపడ్డాడట. “నడుములోకి ఎక్కుతాండాదప్పా!” అని అరిచాడట. ఆ సంగతి చెబుతూ తమ్ముడు ఫోనులో నవ్వాడు, ఏడ్చాడు కూడా అనుకుంటాను.

ఇప్పుడు ఆయన మిషను కూతురు బడి నుంచి వచ్చాక పెట్టుకుంటాడు, మాటల కోసం. పాటకు కూర్చునేటప్పుడు తీసేస్తాడు. అంతా బాగైపోయిందని చెప్పలేను. డాక్టరు చెప్పినట్టే మిగిలిన ఆ కాస్త వినికిడీ తగ్గుతూ వస్తోంది. కొన్ని ఆదివారాలు ఆయన ‘ఈ పొద్దు మనసు బాగలేదు’ అని రాసి ఊరుకుంటాడు. మేం కూడా దాన్ని అక్కడితో వదిలేస్తాం.

ట్రంపెట్ మాత్రం ఆయన్ని వదలలేదు. చెవులు బాగున్నప్పుడు తాను విన్న రికార్డులే తమ్ముడి బీరువాలో కొన్ని ఉంటే, వాటిని అతని చేత నాకు పంపించి, ట్రంపెట్ ఏం చేస్తోందో రాయమంటాడు. జాజ్ నాకు మొదట్లో అంత రుచించేది కాదు. ఆయన కోసం చెవి పెట్టి వినాల్సి వచ్చింది. ల్యాబులో గాజు పలక మీద చుక్కను చూసి రాసినట్టు, విన్నది విన్నట్టు రాసి పంపుతాను. పోయిన ఆదివారం ఒక నెమ్మది పాట గురించి రాస్తూ, ‘చివర్లో ట్రంపెట్ పైకిపోయి ఆగిపోయింది’ అన్నాను.

వెంటనే జవాబు వచ్చింది. ‘ఆగిపోలేదమ్మా. గాలి మటుకు ఊదుతాడు ఆడ, స్వరం లేకుండా. మళ్లీ విను.’

లేచి వెళ్లి ముల్లు ఎత్తి, ఆ చివరి గీతల మీద మళ్లీ పెట్టాను.