రింగులో కలిపిన చుట్టరికం

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్‌లో మనిషి బలాన్ని కండల్తో కాక బరువుతో లెక్కగట్టేవారు. అందుకే నన్ను బలశాలి అనుకున్నారు. ఇరవై రెండేళ్ళకే తొంభై ఆరు కిలోలు తూగేవాణ్ణి. ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లో నేను ఎదురొస్తే సైకిళ్ళవాళ్ళు దిగి గోడకి ఆనుకునేవారు (కొంచెం కలిపి చెబుతున్నాను, కొంచెమే). బాక్సింగు పోటీల్లో హెవీ వెయిట్ గెలిచినవాడికి ఆటల కోటాలో రైల్వే వర్క్‌షాపు ఉద్యోగమని తెలియగానే, రిటైర్డ్ గార్డు మా మావయ్య నన్ను లాక్కుపోయి పేరు రాయించేశాడు. ఓడితే మాత్రం పలాసలో పెదనాన్న జీడిపప్పు కొట్టుకి పంపేస్తానని నాన్న ముందే చెప్పేశాడు.

ఆ బరువులో మరొక్కడే దొరికాడు గనక మొదటి పోటీయే ఫైనలు. ఆ ఒక్కడు మా ఊళ్ళోనే పూరీ గేట్ వైపు తెలుగువాడు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అందరూ ‘ఇంజను’ అనేవారు. “బాక్సింగు సేతుల్తో కాదురా, బుర్రతో. కళ్ళల్లోకి సూడు, బెదిరిపోతాడు” అన్నాడు మావయ్య. గంట కొట్టేదాకా రెప్ప వెయ్యకుండా చూసినాను. నా కళ్ళల్లోంచే నీళ్ళు కారాయి. ఇంజను నవ్వాడు.

గంట కొట్టగానే నన్ను వాటేసుకుని, చెవిలో మెల్లిగా, “మీ అమ్మగారిది ఏ ఊరు?” అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండగల తెలుగువాడు ఖరగ్‌పూర్‌లో ఉన్నాడా! “సోంపేట” అన్నాను. “ఎవరింటి పిల్ల?” అదీ చెప్పేశాను. “ఓర్నీ! అయితే నాను నీకు సిన్నాన్ననవుతాను.” ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చిన్నాన్న మొహం మీద ఎలా గుద్దేది? ఆయన మాత్రం కొడుకుని పక్కటెముకల మీద తనివితీరా దీవించాడు. “గొల్పో పోరే కోరో!” అంటూ, కబుర్లు తర్వాత చెప్పుకోమని రిఫరీ దాదా విడదీశాడు.

రౌండు అయ్యాక మూలకొచ్చి సంగతి చెప్పగానే, “సిన్నాన్నేటిరా ఎదవా!” అని మావయ్య నా నెత్తిన నీళ్ళు కుమ్మరించాడు (ఆయనకి బాక్సింగు రాదు గాని ఊరందరి చుట్టరికాలూ కంఠతా వచ్చు). “మీ నాన్న వేపు నుంచి లెక్కెయ్యి. మీ మేనత్త తోడికోడలి కొడుకాడు. నీకు బావ! బావని కొడితే ఎవులేటంటారు?”

ఇంకేం! రెండో రౌండంతా “బావా!” అంటూ ఒకటి, “బాగున్నావా బావా?” అంటూ ఇంకొకటి. మూడో రౌండుకి ఇంజను ఆవిరైపోయాడు. ఇంకొక్క దెబ్బ చాలు, ఉద్యోగం నాదే. కుడిచెయ్యి ఎత్తాను. అతను నా మీద వాలిపోయి రొప్పుతూ, “సరే, బావనే. అయితే మా సెల్లి నీకు మరదలే కదేటి? అదిగో, మూడో బెంచీలో పసుపు చీర. ఇందాకట్నుంచి నిన్నే సూస్తంది” అన్నాడు.

చూసినాను.

కళ్ళు తెరిచేసరికి పైన మావయ్య మీసాలు. “ఎవుల్ని సూసినావురా?” అంటే, “మరదల్ని” అన్నానట.

ఉద్యోగం ఇంజనుకొచ్చింది. అతనికసలు చెల్లెలే లేదని నాకు పలాసలో జీడిపప్పు వేయిస్తుండగా తెలిసింది. రెండేళ్ళ తర్వాత పరీక్ష రాసి, గుమస్తాగా అతని వర్క్‌షాపుకే వచ్చిపడ్డాను. ఇప్పటికీ నన్ను అందరికీ ‘మా బావ’ అనే పరిచయం చేస్తాడు.

కానీ ఒక్కమాట. ఆ దెబ్బ తగలబోయే ముందు మూడో బెంచీలో పసుపుపచ్చగా ఏదో కదిలింది, నా కళ్ళతో చూసినాను. అది ఎవరిదో గొడుగంటాడు ఇంజను. అతని మాట నమ్మమంటారా?