ఏడో వారం, ఇసుక బస్తాల వెనక

ఆ అమ్మాయిని కుట్టు దుకాణంలో అందరూ గుండీ అనేవారు. మనిషి పొట్టి, ముఖం గుండ్రం. పైగా పదేళ్ళ వయసు నుంచీ తల్లి కుట్టిన చొక్కాలకు గుండీలు వేసే పని ఆమెదే. ఇరవయ్యొకటో ఏట ఒక మధ్యాహ్నం కాజాలు తీస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

“అమ్మా, నేను సైన్యంలో చేరతాను.”

తల్లి మిషను ఆపలేదు. “ముందు చేతిలో ఉన్న కాజా పూర్తిచెయ్యి” అంది.

కూతురు దరఖాస్తు నింపి సంతకం కూడా పెట్టిందని రెండు రోజుల తర్వాత తెలిసింది. అప్పుడు ఆగింది మిషను.

“చీమ కుడితేనే ఇల్లు పీకి పందిరేస్తావు, నీకు తుపాకీ ఎందుకే?”

ఆ ఇంట్లో గుండీ పక్షాన నిలబడింది పిన్ని ఒక్కతే. పిన్ని సిటీ బస్సు డ్రైవరు. “అక్కా, నేను స్టీరింగు పడతానన్నప్పుడూ ఇదే గోల చేశావు. నోరు నొప్పి తప్ప ఏం మిగిలింది నీకు?” అంది.

మూడు నెలలు, రోజూ డ్యూటీ ఎక్కే ముందు, పిన్ని ఆమెను డిపో ఆవరణకు తీసుకెళ్ళింది. అరిగిపోయిన బస్సు టైరుకు తాడు కట్టి, రెండో కొస గుండీ నడుముకు బిగించింది. మొదటి రోజు ఇరవై అడుగులు లాగి బొక్కబోర్లా పడింది.

“లే లే. నువ్వు టైరుని లాగుతున్నావో, టైరు నిన్ను లాగుతోందో తెలీట్లేదు.”

కాళ్ళు గట్టిపడ్డాయి. చేతులే మాట వినలేదు. పాత మేజోడులో ఇసుక నింపి విసిరించింది పిన్ని. అది నాలుగు బస్సుల దూరం కూడా పోయేది కాదు.

“భుజం ఊడొస్తోంది పిన్నీ.”

“ఊడితే మీ అమ్మ కుట్టిపెడుతుందిలే. ఇంకోటి విసురు.”

శిక్షణ శిబిరం తొమ్మిది వారాలు. రేకుల షెడ్డులో నలభై ఇనప మంచాలు, నలభై మంది అమ్మాయిలు. దుప్పటి మడతలో ముడత కనిపిస్తే డ్రిల్లు మాస్టరు మంచాన్నే తిరగేసేవాడు. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం మైదానం అవతలికి వినిపించేది. పక్క మంచం పిల్లది భారీ శరీరం, అందరూ లారీ అనేవారు. గుండీ ఆమెకు తెగిన సంచి పట్టీలు కుట్టిపెట్టేది, ఆమె గుండీని శిక్షణలో ఎక్కాల్సిన గోడల మీదికి ఎత్తేది. ఆరు వారాలు అలా గడిచాయి. పదకొండు మంది ఇంటిముఖం పట్టారు.

ఏడో వారంలో నిజం గ్రెనేడు విసరాలి. నకిలీవి ఎన్నో విసిరారు. ఇది పేలుతుంది. ఆ మాట విన్నప్పటి నుంచీ గుండీకి ముద్ద దిగలేదు.

ఆ ఉదయం సన్నగా వాన పడుతోంది. ఇసుక బస్తాల గోడ వెనక ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. మాస్టరు పక్కనే నిలబడతాడు. పిన్ను లాగాలి, విసరాలి, వంగాలి. చేతిలో ఉన్నంతసేపూ గ్రెనేడు పక్కనున్న లివరును నొక్కి పట్టుకోవాలి. లివరు వదిలితే పేలడానికి ఉండేది నాలుగు సెకన్లే.

లారీ విసిరింది. నేల అదిరింది, తడి మట్టి హెల్మెట్ల మీద రాలింది. తిరిగి వచ్చిన ఆమె ముఖం పాలిపోయినా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. “ఏం లేదే, పో” అంది.

గుండీ వెళ్ళింది. పిన్ను లాగింది. చెయ్యి వెనక్కి తీసింది.

“విసురు!” అన్నాడు మాస్టరు.

చెయ్యి కదల్లేదు. పిడికిలి తనదే, దాని మీద పెత్తనం మాత్రం తనకు లేదు. వాన నీళ్ళు మణికట్టు మీదుగా మోచేతిలోకి కారుతున్నాయి. చెవుల్లో హోరు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

“విసరమంటున్నానా!”

మాస్టరు అరవడం ఆపేశాడు. తన రెండు చేతులూ ఆమె పిడికిలి చుట్టూ బిగించాడు.

“వదలకు. నేను చెప్పిందాకా వదలకు. ముందు బొటనవేలు తియ్యి. ఊఁ. ఇప్పుడు చూపుడు వేలు.”

ఒక్కో వేలూ బయటికి జరుగుతుంటే దాని చోటులోకి ఆయన వేలు దూరింది. దగ్గుబిళ్ళ వాసన కొడుతున్న ఆయన ఊపిరి ఆమె చెంపకు తగులుతోంది. అది కూడా సవ్యంగా లేదు. చిటికెన వేలు బయటపడగానే ఆయన విసిరి, ఆమెను మెడ పట్టి కిందికి నొక్కాడు.

పేలుడు తర్వాత చాలాసేపు ఇద్దరూ లేవలేదు.

శిబిరం అధికారి గొడుగు కింద నిలబడి అడిగాడు. “ఏమైంది? వానకి చెయ్యి జారుతుందని ఆగావా?”

అవునంటే సరిపోయేది. వాన తగ్గాక మళ్ళీ పంపేవారు, కాగితం మీద మచ్చ పడేది కాదు. గుండీ మాస్టరు వంక చూసింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఎటో చూస్తున్నాడు.

“లేదు సార్. భయమేసింది. చెయ్యి కదల్లేదు.”

అధికారి గడియారం చూసుకున్నాడు. “నాలుగింటికి ఇంకొక్కసారి. కుదరకపోతే కొత్త బ్యాచ్‌తో మొదటి వారం నుంచి.”

భోజనాల వేళ మాస్టరు ఆమెను మైదానానికి లాక్కెళ్ళి నకిలీ గ్రెనేడ్ల పెట్టె ముందు పెట్టాడు. “పిన్ను లాగాక ఏం ఆలోచించావు?”

“మా అమ్మ గురించి సార్.”

“అమ్మ గురించి పిన్ను లాగక ముందే ఆలోచించుకో. లాగాక ఇక చెయ్యి పనే. విసురు.”

అరవై విసిరింది. ఏ ఒక్కటీ మెచ్చుకోలేదాయన.

నాలుగింటికి మళ్ళీ అదే గోడ. ఈసారి ఆమె పిన్ను ముట్టుకోకుండా నిలబడింది. అమ్మ ముఖం, మిషను చప్పుడు, పొద్దుటి ఆ తిమ్మిరి, అన్నిటినీ ఒకసారి తలచుకుంది. మాస్టరు తొందరపెట్టలేదు. తర్వాత లాగింది, విసిరింది, వంగింది. పేలుడు వినిపించేదాకా ఊపిరి తీయలేదు.

“పోయి తిండి తిను” అన్నాడు మాస్టరు.

ఆదివారం పిన్నికి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. చివర్లో, “అమ్మకి చెప్పకు పిన్నీ” అంది.

“నేను చెప్పక్కర్లేదే. ఫోను స్పీకర్లో ఉంది, మీ అమ్మ పక్కనే కూర్చుంది.”

తల్లి గొంతు వినిపించింది, జలుబు చేసినట్టుగా.

“ఆ మాస్టారికి దెబ్బలేం తగల్లేదుగా?”

“లేదమ్మా.”

“నీకు?”

“నాకూ లేదు.”

“మరి ఇంకెన్ని వారాలు?”

“రెండు.”

“సరే. ఉతికేటప్పుడు యూనిఫాం గట్టిగా పిండకు, కుట్లు సాగుతాయి” అని ఫోను పిన్నికి ఇచ్చేసింది.

ఆ రెండు వారాలూ గుండీ పూర్తిచేసింది. మిగిలిన ఇరవై తొమ్మిది మందిలో ఆమెది ఇరవై రెండో స్థానం.