ఎర్ర మీట

ఎనభైల చివర్లో నంద్యాలలో ఒక వేరుశనగ నూనె మిల్లుకు యంత్రాలు నడిపే కంప్యూటర్ పెట్టించారు. దాని లోపల ఏ పని ఎప్పుడు జరగాలో వంతులు వేసే ప్రోగ్రాం ఒకటుంటుంది, కర్నెల్ అంటారు. అది రాసింది నేనే. ఊళ్లో ఇంకెవరికీ ఆ విద్య రాదు కాబట్టి నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

కాయలు మోసే బెల్టు పక్కన ఎర్ర మీట ఉండేది. నొక్కితే ప్రోగ్రాంలో ఒక గుర్తు మారుతుంది. బెల్టును నడిపే భాగం ఆ గుర్తు చూసి ఆగాలి. పరీక్షించేటప్పుడు ఆ గుర్తును తెర మీద చూపించే వరుస ఒకటి ప్రోగ్రాంలో రాసుకున్నాను. అంతా బాగానే ఉంది. అప్పగించే ముందు ఆ వరుస తీసేసి, నా రాతను యంత్రం భాషలోకి మార్చే కంపైలర్‌కు వేగం పెంచమని చెప్పాను. మళ్లీ మీట నొక్కి చూడలేదు. ఏం మారుతుందిలే అనుకున్నాను.

బెల్టు దగ్గర చెత్త తీసే అక్కది ఆళ్లగడ్డ. రోజూ మొదటి బస్సుకు వచ్చేది. ఒక పొద్దున ఆమె కుడిచెయ్యి రోలరులో పడి నలిగింది. కట్టు కట్టించుకుని వచ్చి ఏడ్చింది.

"నొక్కినాకే చెయ్యి పెట్టినాప్పా. అది నిలబడల్యా."

యజమాని నా వైపు చూశాడు. తెర మీంచి కళ్లు తిప్పకుండా "ప్రోగ్రాంలో ఏ లోపమూ లేదు" అన్నాను. ఆ వరుస తీయకముందటి నా పరీక్ష కాపీ నడిపి చూపించాను కూడా. చక్కగా ఆగింది. నొక్కకుండానే చెయ్యి పెట్టిందని ఆమెను పనిలోంచి తీసేశారు.

నాకు అన్నం సహించలేదు. వారం తిరక్కముందే మిల్లులోని అసలు ప్రోగ్రాంను విప్పి చూశాను. వేగం కోసం అది గుర్తును ఒక్కసారి చదివి, ఇక మారదనుకుని, ఆ పాత విలువనే పట్టుకుని తిరుగుతోంది. తెర మీద చూపించే వరుస ఉన్నప్పుడు మాత్రం ప్రతిసారీ మళ్లీ చదివేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కంపైలర్‌ను తిట్టబోయాను. కానీ బయటినుంచి మీట ఆ గుర్తును మారుస్తుందని దానికి చెప్పవలసింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రోగ్రాం సరిచేసి, యజమానికి నిజం చెప్పి, ఆమెను మళ్లీ తీసుకునేలా ఒప్పించి, ఆళ్లగడ్డ బస్సెక్కాను. అక్క నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది.

"తప్పు నాదక్కా. నువ్వు నొక్కినావు. మిషనే చూడల్యా."

"మిషన్‌కేం తెలుస్తాదిలేప్పా. నేను ఏడ్చి చెప్తాంటే నువ్వు గూడా నా మొగం చూడల్యా."

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. కట్టు కట్టిన కుడిచెయ్యి గుండెకు ఆనించుకుని ఉంది.

"ఎడమచేత్తో ఇస్తాండా, ఏమనుకోవాకప్పా," అంది.