ఎల్లయ్య కాక అడిగిన వెనక ఫోటో

నిన్న పొద్దున ఎల్లయ్య కాక నంబర్ నుంచి ఫోన్ వస్తే కట్ చేశాను.

మళ్ళీ ఆ ఫోటో సంగతే అయి ఉంటుంది, సాయంత్రం చేద్దాంలే అనుకున్నాను.

వెంటనే మళ్ళీ మోగింది. విసుక్కుంటూ ఎత్తాను. అవతల చిన్నమ్మ.

"మీ కాక లేడు బిడ్డా. చాయ్ తాగుతనని కూసున్నోడు కూసున్నట్టే పక్కకు ఒరిగిండు. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది."

 నేను కట్ చేసిన ఆ మొదటి కాల్ ఫోన్‌లో ఇంకా కనిపిస్తూనే ఉంది.

కాక ఎవరో తెలియనివాళ్ళకు చెప్తాను. మొయినాబాద్ నుంచి చేవెళ్ళ పోయే దారిలో ఫామ్‌హౌస్‌ల ముందు, ఫంక్షన్ హాళ్ళ ముందు తెల్లగా గ్రీకు దేవతలు నిలబడి ఉంటారు చూడండి. వాళ్ళలో సగం మంది పుట్టింది చేవెళ్ళలో, మా కాక రేకుల షెడ్డులో. మా నాన్నకు వరుసకు తమ్ముడు. చదివింది ఏడో తరగతి. సిమెంటు, ఇనుప చువ్వలు, ఓనర్లు వాట్సాప్‌లో పంపే ఒక ఫోటో, అంతే ఆయన సరంజామా.

ఆ ఫోటోలన్నీ ముందు నుంచి తీసినవే. గూగుల్లో నేను వెతికి పెట్టినా ముందు వైపే వచ్చేది. వెనక ఎలా ఉంటుందో కాకకు తెలిసే దారి లేదు. అందుకే కొన్నవాళ్ళందరికీ "గోడకు ఆన్చి పెట్టుండ్రి" అని ఒకటే మాట చెప్పేవాడు.

ఎంకపల్లి దగ్గర ఒక సేటు వినలేదు. దేవతను తీసుకెళ్ళి ఫౌంటెన్ నడుమ నిలబెట్టాడు.

చుట్టూ తిరిగి చూస్తే వెనక నడుం దాకా జడ!

ఆడమనిషికి జడ లేకుండా ఎట్లా అని కాకే వేశాడు. పాయలు పాయలుగా, కింద కుచ్చులతో సహా. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు సెల్ఫీలు దిగి మరీ నవ్వారు. సేటు ఫోన్ చేసి తీసెయ్యమన్నాడు. కాక ఉలీ సుత్తె పట్టుకుని పోయి, ఆ చుట్టాలందరి ముందే, తను వేసిన జడను తనే కొట్టేసి వచ్చాడు.

అప్పటికే నాకు ఇటలీలో గ్రీకు, రోమన్ కళల మీద పీజీ సీటు వచ్చి ఉంది. అది చదివితే ఏం జాబ్ వస్తదని ఇంట్లో అందరూ ఒకటే గొడవ. కాక ఒక్కడే బస్సెక్కి మా ఊరు సురంగల్ వచ్చాడు.

"ఆడికే పోతున్నవ్ గద బిడ్డా. నాకేం తేవొద్దు. ఎనకకెళ్ళి ఒక్క ఫోటో దీసి పంపు. మల్ల ఎవ్వరు నవ్వొద్దు."

పంపుతానని చేతిలో చెయ్యి వేసి చెప్పాను.

నేను ఇటలీ పోయిన మూడో నెలలో ఒక మ్యూజియంలో, కాక జడ వేసిన ఆ దేవతే కనిపించింది. గోడకీ విగ్రహానికీ మధ్య జానెడు సందు. గార్డు అరుస్తున్నా చెయ్యి దూర్చి ఫోటో తీశాను.

వెనక ఏమీ లేదు.

నిజంగానే. జడ లేదు, ముడి లేదు, బట్ట మడతలు లేవు. గరుకు రాయి, ఉలి దెబ్బలు. గోడ గూట్లో పెట్టే విగ్రహానికి వెనక ఎవరు చూస్తారని ఆ రోమన్ శిల్పి అలాగే వదిలేశాడు. గ్రీకు విగ్రహాలకు కాపీలు చేసినవాళ్ళలో చాలామంది ఇదే పని చేశారట.

కాకకు ఈ రాయి ఫోటో ఏం పంపుతాం, వెళ్ళాక ఎదురుగా కూర్చుని చెప్దాంలే అనుకున్నాను.

తర్వాత క్లాసులో ప్రెజెంటేషన్. అప్పటి సెల్ఫీల్లో దొరికిన, కాక వేసిన జడ ఫోటోను స్క్రీన్ మీద పెట్టాను. అందరూ నవ్వారు. రాయడానికే సిగ్గుగా ఉంది, ముందు నవ్వింది నేనే.

మా ప్రొఫెసర్ నవ్వలేదు. "వెనక వైపు గురించి ఇంత ఆలోచించిన ఈయన ఎవరు?" అని అడిగారు.

"మా ఊరి వైపు ఒకతను" అన్నాను. మా కాక అనడానికి నోరు రాలేదు.

చివరికి విగ్రహాల వెనక వైపు మీదే థీసిస్ రాశాను. మంచి మార్కులు వచ్చాయి. అందులో కాక పేరు ఎక్కడా లేదు.

రెండు మూడు నెలలకోసారి వాయిస్ మెసేజ్ వచ్చేది.

"బిడ్డా, ఎనక దొర్కిందా?"

నేను థంబ్స్ అప్ పెట్టేదాన్ని.

తిరిగొచ్చి ఆరు నెలలైంది. వీసా మొక్కుకు చిల్కూరు గుడిలో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి వచ్చాను. అక్కణ్ణుంచి చేవెళ్ళ దాకా పోవడానికి మాత్రం నాకు టైం దొరకలేదు.

నిన్న కాకను సాగనంపాక షెడ్డులోకి పోయాను. గోనె సంచులు కప్పిన ఒక దేవత ఉంది. మళ్ళీ అదే దేవత, కొత్తగా చేస్తున్నది. సంచి తీస్తే మొహం నున్నగా, కాలి గోళ్ళతో సహా పూర్తయింది. వెనక్కి వెళ్ళి చూశాను. ఉత్త గరుకు సిమెంటు, తాపీ గీతలు.

చిన్నమ్మ వాకిట్లో నిలబడి చెప్పింది.

"ఇంకో సేటు జల్ది గావాలెనని నెల సంది తిరుగుతున్నడు. మీ కాకేమో 'మా బిడ్డ ఫోటో పంపుతది, సూడకుండ ఇంక ఎనక చెయ్య' అని గిట్లనే ఆపిండు."

ఆ ఫోటో నా ఫోన్‌లో రెండేళ్ళ పైనుంచీ ఉంది.

ఫోన్ తీసి విగ్రహం పక్కన పెట్టి చూశాను. అక్కడా గరుకే, ఇక్కడా గరుకే. నా ఫోటో కోసం ఆగి, చూడకుండానే కాక అచ్చం అలాగే వదిలాడు.

అక్కడోళ్ళు వెనక ఏమీ చేయలేదు కాకా, నువ్వు కనీసం జడ వేశావు, నీదే నయం అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎంత సంబరపడేవాడో. నిమిషం పని. నేను చేయలేదు. దీనికి నన్ను నేను క్షమించుకోలేను.

ఈ పోస్టుకి కాక ఫోటో పెట్టడం లేదు. రెండు వెనక ఫోటోలు పెడుతున్నాను. ఒకటి మ్యూజియంలోది, ఒకటి చేవెళ్ళ షెడ్డులోది. ఏది ఏదో రాయడం లేదు.

ఎనక దొర్కింది కాకా. ఇంక ఎవ్వరు నవ్వరు.

ఫికర్ లేకుండ, నిమ్మళంగ పండుకో.