సంఘం నిబంధనల్లో ‘డు’ తీసేసిన కథ

కోయిలకుంట్లలో నేను వకీలును. అక్కడి శనగ రైతుల సంఘానికి కాగితాలు రాసిపెట్టేది నేనే. ఆమధ్య ఆ సంఘానికి మొదటిసారి ఒక ఆడమనిషి అధ్యక్షురాలైంది. వారం తిరక్కుండానే ఆమె భర్త సంఘం గోదాము అద్దెకు అడిగాడు. ‘అధ్యక్షుడు తన భార్యకు గోదాము ఇవ్వరాదు’ అని నిబంధన ఉంది.

“నేను ఆమెకు భార్యను కాదు గదా సార్” అన్నాడాయన, చాలా నిదానంగా.

మరుసటి రోజు ఆమే వచ్చింది. “నిబంధనలు మార్చండి సార్. ఆడోళ్ళకైనా మగోళ్ళకైనా ఒకే మాట ఉండల్ల. మా ఇంటాయనకు మాత్రం గోదాము పోగూడదు.”

అధ్యక్షుడిని అధ్యక్షులు, సభ్యుడిని సభ్యులు చేస్తే ఇద్దరికీ సరిపోతుందనిపించింది. కంప్యూటర్లో ‘డు’ ఉన్న ప్రతిచోటా ‘లు’ పెట్టేశాను. అర నిమిషం పని. నా తెలివికి నేనే మురిసిపోయి, చదవకుండా ప్రింటు తీసి, సర్వసభ్య సమావేశంలో గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

“గోదాము చుట్టూ పది అలుగులు వదలాలి.”

ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. “చెరువుకే ఒక అలుగు సక్కంగా లేదు. గోదాముకు పది యాడ కడతావప్పా?”

అవి అడుగులని చెప్పి, చెమట తుడుచుకుని, పేజీ తిప్పాను. “కర్నూలుకు వెళ్తే అధ్యక్షులు ఒక సభ్యుని తోలు తీసుకెళ్ళాలి.”

తోడు కాస్తా తోలైందని నాకు అర్థమయ్యేలోపే అందరూ కొత్త అధ్యక్షురాలి వైపు చూశారు. ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చుంది. “ఎవురొస్తారో ఇప్పుడే చెప్పండప్పా” అంది.

ఆ తర్వాత ఒక్కో మాటా అందరి ముందే నాతో పెన్నుతో దిద్దించింది. మధ్యాహ్నం దాటింది. ‘భార్య’ కొట్టేసి ‘జీవిత భాగస్వామి’ అని రాశాను. మళ్ళీ ఆ పెద్దాయనే లేచాడు.

“నా బోరులో మా తమ్ముడు భాగస్వామి. ముప్పై ఏండ్లాయె. వానికీ గోదాము ఇయ్యరా?”

బోరు వేరు, జీవితం వేరు అని ఆ ఎండలో ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ‘భార్య లేదా భర్త’ అని రాశాను.

ఒప్పుకున్నవాళ్ళను చేతులెత్తమన్నాం. ఆమె భర్త ఒక్కడే ఫోను చూసుకుంటున్నాడు. ఆమె ఊరికే ఆయన వైపు చూసింది. ఆయన రెండు చేతులూ ఎత్తాడు. ఒకటి దింపమన్నాను.

నిబంధన నెగ్గింది. ఆ ఏడాది ఆయన శనగ బస్తాలు వాళ్ళింటి హాల్లోనే ఉన్నాయి.