ముల్లు పద్నాలుగు దగ్గర ఆగిన సాయంత్రాలు

మొన్న మా అబ్బాయి కరెంటు స్కూటర్ కొనుక్కొచ్చి, వరండా గోడకున్న ప్లగ్గుకు తీగ తగిలించాడు. అది చార్జి అవుతోందో లేదో తెలిసేదెట్లా అని అడిగితే ఫోను తెరిచి చూపించాడు. అందులో ఆకుపచ్చ గీత ఒకటి మెల్లగా పైకి పాకుతోంది. అంతలో మా ఆయన లోపలికి వెళ్ళి, అల్మారాలో ఏళ్ళ తరబడి పడివున్న, కరెంటు కొలిచే పాత ముల్లు మీటరు పట్టుకొచ్చి, ఎర్రతీగ ఒక చేత్తో, నల్లతీగ ఒక చేత్తో పట్టుకుని స్కూటర్ చుట్టూ తిరిగి, ఎక్కడ ఆనించాలో తోచక నా వంక చూశారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే మా పాత మోటారుసైకిలు గుర్తొచ్చింది.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో కొత్త కోడలంటే ఇంట్లో ఎట్లా మసలుకోవాలో. రాయచూరు బజారులో మా అత్తవారిది వేరుశనగ విత్తనాల దుకాణం, దుకాణం వెనకే ఇల్లు, ఇంటినిండా మనుషులు. పగటిపూట మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడమన్నది ఆ ఇంట్లో లేదు. ఎవరూ వద్దనేవారు కాదు, అట్లాగని ఎవరూ కూర్చునేవారూ కాదు. మాకు దక్కినదల్లా ఆదివారం మధ్యాహ్నం మోటారుసైకిలు మీద మా పుట్టింటికి, యరగేరకు వెళ్ళి రావడమే. దారి పొడుగునా పత్తిచేలు, ఎదురుగాలి. ఆయన చెప్పేదాంట్లో సగం గాలికే పోయేది, నేను మాత్రం అన్నిటికీ ఊఁ కొట్టేదాన్ని. ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తులేదు, ఆ గాలి మాత్రం ఇప్పటికీ చెంపలకు తగులుతూనే ఉంటుంది.

మిగతా వారమంతా ఆ బండి మామగారిది. చిక్కసూగూరు, యరమరస్, ఎక్కడ రైతు పిలిస్తే అక్కడికి దాని మీదే పోయేవారు. అట్లాంటి బండికి ఉన్నట్టుండి జబ్బు చేసింది. హారన్ మూగబోయింది, లైటు మిణుకుమిణుకుమనసాగింది. బ్యాటరీని చార్జింగుకు పెట్టి తెస్తే కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదటికొచ్చేది. గల్లీ చివరి మిస్త్రీ బ్యాటరీ ఖతమైందని కొత్తది వేశాడు, దానికీ అదే గతి పట్టింది. మామగారికి విసుగెత్తి, ఉగాదిలోపు బాగుపడకపోతే బండి అమ్మేస్తానని నడింట్లో నిలబడి చెప్పేశారు. వంటింట్లో నా చేతికింద జొన్నరొట్టె మాడిపోయింది. బండి పోతే మా ఆదివారమూ పోయినట్టే. బస్సులో పుట్టింటికి బయల్దేరితే మాతోపాటు ఆడబిడ్డలూ ఎక్కుతారు, వాళ్ళ వెనక వాళ్ళ పిల్లలూ ఎక్కుతారు.

మా ఆయనకు పెళ్ళికి ముందు రేడియోలు విప్పే పిచ్చి ఉండేదట. ఆ పిచ్చి మిగిల్చిన ముల్లు మీటరు ఒకటి పెట్టెలోంచి తీసి, పొద్దు వాలుతుండగా వాకిట్లో బండి ముందు చతికిలబడ్డారు. తీగలు రెండూ పట్టుకోవడానికే ఆయన చేతులు చాలలేదు, ఆక్సిలరేటర్ తిప్పడానికి ఇంకొకరు కావాలి. మరుదులంతా దుకాణంలో ఉన్నారు. అత్తగారు నా వైపు చూసి, పొమ్మన్నట్టు తలూపారు. అట్లా పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి, ఇంకా వెలుగుండగానే, అందరూ చూస్తుండగా ఆయన పక్కన కూర్చున్నాను.

ముందు ఇంజను ఆపి బ్యాటరీకి తీగలు ఆనిస్తే ముల్లు పన్నెండు వోల్టులు దాటి నిలబడింది. ఇంజను నడుస్తుంటే అది పద్నాలుగు దగ్గరికి రావాలని చెప్పి నన్ను ఆక్సిలరేటర్ తిప్పమన్నారు. వీధంతా దద్దరిల్లేట్టు తిప్పాను గాని ముల్లు పైకి రాలేదు సరికదా, కాస్త కిందికే జారింది. బండి బ్యాటరీని తినడమే తప్ప దానికి తిరిగి ఏమీ పెట్టడం లేదన్నమాట. పొద్దస్తమానం వండి వడ్డించే నాకు ఆ సంగతి ఆయన వివరించకముందే అర్థమైంది.

తరువాత ఇంజను లోపల కరెంటు పుట్టించే కాయిల్ తీగలు ఊడదీసి, అది ఎక్కడైనా తెగిందా, ఇంజను ఒంటికి తగులుతోందా అని చూశారు. అదేమీ లేదు. మీటరును ఏసీ కరెంటు కొలిచే వైపు మార్చి, నన్ను మళ్ళీ ఆక్సిలరేటర్ తిప్పమంటే ఈసారి ముల్లు నా చేతితో పాటే లేచింది, చెయ్యి తగ్గిస్తే తగ్గింది. కరెంటు బాగానే పుడుతోంది, బ్యాటరీ దాకా చేరడం లేదు. ఇక మిగిలింది మధ్యలో ఉండే రెక్టిఫయర్. కాయిల్ కరెంటును బ్యాటరీకి పనికొచ్చేట్టు మార్చి పంపే, రెక్కల్లాంటి అంచులున్న చిన్న డబ్బా.

పక్కమూత తీస్తే డబ్బా కనబడలేదు, గోనె మూట ఒకటి కనబడింది. రాయచూరు ఎండలు తెలిసినవాళ్ళకు గోనె సంగతి తెలుసు. నీళ్ళకుండకు తడిగోనె చుట్టని ఇల్లు మా వీధిలో ఉండేది కాదు. ఆ డబ్బా చెయ్యి కాలేంత వేడెక్కుతోందని మామగారు కుండకు చుట్టినట్టే దానికీ గోనె చుట్టి, పురికొసతో కట్టి, రోజూ పొద్దున్నే నీళ్ళు చిలకరించి మరీ బయల్దేరేవారు. బండి మీద ఆయనకు అంత ప్రేమ. దారిలో గోనె ఎండి, దుమ్ము పట్టి అట్ట కట్టింది. ఆ రెక్కలున్నదే గాలి తగలడానికి, గాలి తగలక డబ్బా లోలోపలే మాడిపోయింది.

తండ్రి ముందు ఏనాడూ తలెత్తని మా ఆయన ఏం చేశారంటే, ఆ గోనె మళ్ళీ చుట్టి మూత బిగించబోయారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. నేను చెప్పలేను, ఆయన చెప్పరు, ఉగాది ముంచుకొస్తోంది. మజ్జిగ ఇవ్వడానికి వచ్చిన అత్తగారు మా వెనక ఎంతసేపటి నుంచి నిలబడ్డారో గాని, చెయ్యి చాపి ఆ గోనెముక్క లాక్కుని, మామగారు అన్నానికి కూర్చోగానే తెచ్చి ఎదురుగా పెట్టారు.

"గిట్ల కప్పితే దానికి గాలెట్ల తగుల్తది? కొత్త డబ్బ తెప్పియ్యుండ్రి. బండి అమ్మేది ఏం లేదు."

మామగారు గోనెముక్కను పక్కకు జరిపి అన్నం కలుపుకున్నారు. మర్నాడే కొత్త డబ్బా వచ్చింది. సాయంత్రం నేను ఆక్సిలరేటర్ తిప్పితే ముల్లు లేచి పద్నాలుగు దగ్గర ఆగింది. ఆయన ముల్లు వంక చూస్తున్నారు, నేను ఆయన వంక చూస్తున్నాను.

ఆ మర్నాడు సాయంత్రం ఆయన మళ్ళీ మీటరు తీశారు, కొత్త సామాను కదా, కనిపెట్టి ఉండాలట. ఆ తరువాతా తీశారు. ఉగాది వెళ్ళింది, ఎండలు ముదిరాయి, వానలొచ్చాయి, మా పరీక్ష మాత్రం అయిపోలేదు. ఒకనాడు అత్తగారు చాయ్ గ్లాసులు మా మధ్య పెట్టి, నా చెవికి మాత్రమే వినబడేట్టు అన్నారు: "బండి ఎప్పుడో బాగైందని నాకు ఎర్కనే. రోజు చూస్కోండ్రి."

ఇప్పుడు ఆ పెద్దలు లేరు, మరుదులు వేరే ఇళ్ళు కట్టుకున్నారు. హాలంతా మాదే, పక్కపక్కన కూర్చుంటే కాదనేవాళ్ళు లేరు, ముసిముసిగా నవ్వేవాళ్ళూ లేరు. అయినా ఆ మూల టీవీతో ఆయన, ఈ మూల ఫోనుతో నేను. అప్పట్లో సాకు వెతుక్కుని మరీ కూర్చునేవాళ్ళం, ఇప్పుడు సాకు అక్కర్లేకపోయేసరికి కూర్చోవడమే మరిచిపోయాం.

మొన్న ఆయన మీటరు మళ్ళీ అల్మారాలో పెట్టబోతుంటే, మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీ ఒకసారి చూడరాదా అన్నాను. ఇద్దరం మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాం. ఆయనకు చూపు ఆనదు కాబట్టి తీగలు ఆయన పట్టుకున్నారు, ముల్లు నేను చూశాను. ముల్లు స్పష్టంగానే కనబడుతోంది. అయినా, సరిగ్గా కనబడలేదు, మళ్ళీ పెట్టండి అన్నాను.