మామ ఇచ్చిన క్లాబారు

మొన్న బుధవారం పాత ఇనుము కొనే ఆటో మా వీధిలోకి వచ్చింది. ఆండర్సన్‌పేటలో ఈ ఆటోలకు కొదవ లేదు. బంగారు గనులు మూసేశాక ఇక్కడ మిగిలింది పాత ఇనుమూ పాత మనుషులూ. ఇనుముకైతే బేరం ఉంది. మా కోడలు విరిగిన కుర్చీ, అడుగు పోయిన బకెట్టు ఆటోలో వేయించి, స్నానాల గది తలుపు వెనక ఆనించి పెట్టుకున్న నా క్లాబారును కూడా ఈడ్చుకొచ్చింది. ఆటోవాడు దాన్ని ఒంటిచేత్తో ఎత్తబోయి, ఎత్తలేక, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేం గడ్డపార తాతా? మూతి చీలిపోయిండాదే. దేనికి పనికొస్తాది?" అన్నాడు. "నీ మూతి చీలితే పనికిరాదేమో గానీ, దీనికి ఆ చీలికతోనే పని," అని లాక్కుని లోపలికి తెచ్చాను. కోడలు మూడు రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ. ఆ ఇనుము దగ్గర నాతో మాటలు తగ్గించిన మొదటి మనిషి ఆమె కాదు.

చూడనివాళ్ల కోసం చెబుతాను. రైలు పట్టాను కింది స్లీపరు చెక్కకు పట్టి ఉంచేవి మేకులు. జానెడు పొడవుంటాయి, తల ఒక పక్కకు వంగి పట్టా అంచును పట్టుకుంటుంది. చెక్క మార్చాలన్నా పట్టా జరపాలన్నా ముందు వాటిని పీకాలి. అందుకే ఈ బారు. మనిషి భుజం దాకా పొడవు, కింద పశువు గిట్టలా రెండుగా చీలిన నోరు, దాని వెనక మడమలా ఒక ఉబ్బు. నోరు మేకు తల కిందికి దూర్చి, మడమ మీద బరువు వేసి, బారును నేలకు వంచాలి. మేకు అరుస్తుంది. నిజంగానే అరుస్తుంది, గొంతు పిసికిన పందిలాగా. బంగారు గనులంటే అందరూ పాతాళంలో పనే అనుకుంటారు. మాది పైన పని. గని నోటి నుంచి రాయి పిండి కొట్టే మిల్లు దాకా ట్రాలీలు నడిచే చిన్న పట్టాలు, వాటిని కాపాడే గుంపు. గుంపుకు మేస్త్రి మా మామ. అమ్మకు తమ్ముడు, తర్వాత పిల్లనిచ్చి రెండు రకాలా మామ అయ్యాడు.

శ్రీనివాసపురం పక్క మా ఊళ్లో రాగిచేను నలుగురు అన్నదమ్ములకు చాలక నేను ఇక్కడికి వచ్చేనాటికి గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్లయింది. నన్ను పనిలో పెట్టించింది మామే. మొదటి రోజే ఆయన చెప్పింది ఒకటే మాట: "మేకు పీకేది గాడిదైనా చేస్తాది అల్లుడా. పీకినాక బొక్కను ఏం చేస్తావనేదే పని." పాత బొక్కలో మళ్లీ మేకు దిగగొడితే అది నిలవదు, వారంలో వేలితో పీకొచ్చు. అందుకని బొక్కలో ముందు తారులో ముంచిన చెక్క బిరడా కొట్టాలి, దాని మీద మేకు కొట్టాలి. అదీ ఆ గడియలోనే. బొక్కను తెరిచి వదిలేస్తే నీళ్లు దిగి స్లీపరు లోపలి నుంచి కుళ్లుతుంది. స్టోరులో ఇచ్చే బిరడాలు గుండ్రంగా ఉండేవి. మామకు అవి పనికొచ్చేవి కావు. "గుండ్రంది తిరుగుతాది, నాలుగు పలకలది కరుస్తాది," అని తుమ్మచెక్క తెచ్చి ఇంట్లో చెక్కించేవాడు. చెక్కేది ఆయన కూతురు, అంటే నా ఇంటావిడ. ఎడమచేతి వాటం ఆమెది. పెళ్లయ్యాక కూడా పొయ్యి మీద సంగటి కుండ పెట్టి, పక్కన కూర్చుని బిరడాలు చెక్కుతూనే ఉండేది. ఊరంతటికీ నగలు చేసే బంగారం ఇక్కడ తవ్వుతున్నారు, నీకేమో చెక్కముక్కలు దొరికినాయి అని నేను వేళాకోళం చేసేవాణ్ని.

పెళ్లయిన కొత్తలో నా పని ఇంకా ఖాయం కాలేదు. పని వేళలో నిద్రపోతూ దొరికితే ఇంటికి పంపేస్తారు. ఒక రోజు నాకు జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. మిల్లు దగ్గరి వంపులో మేకులు పీకి మళ్లీ కొట్టే పని. మిగతావాళ్లు చెక్కలు తేవడానికి పోయారు. మామ నా మొహం చూసి, "కండ్లు చింతనిప్పుల్లా ఉండాయి. పోయి దిబ్బ నీడన పడుకోపో, నేను చూసుకుంటా," అన్నాడు. బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి పోసే సైనైడ్ దిబ్బ నీడలో పడి సాయంత్రం సైరన్ కూత దాకా చచ్చినవాడిలా నిద్రపోయాను. పది రోజులకు ఆ వంపులోనే ట్రాలీ పట్టా తప్పి బోల్తా పడింది. ట్రాలీ తోసేవాడికి కాలి వేళ్లు నాలుగు పోయాయి.

విచారణ పెట్టారు. మేస్త్రి బిరడాలు వెయ్యకుండా మేకులు కొట్టాడని ఎవరో అన్నారు, మేకు పీకి చూసినవాళ్లు మాత్రం లేరు. ఆ రోజు పక్కనున్నది నేనే అని హాజరు పుస్తకం చెప్పింది. బల్లకు అవతల కూర్చున్న పెద్దమనిషి అడిగాడు: "ఆయన బిరడాలు వేయడం నువ్వు చూసినావా?" మామ నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. నేను నిద్రపోయానని చెబితే నా ఉద్యోగం పోతుంది. "చూడలేదు సార్," అన్నాను. అబద్ధం కాదు. అంతకంటే పెద్ద అబద్ధం నా బతుకులో ఇంకొకటి ఆడలేదు. ఏదో రాసి నా ముందుకు తోశారు, వేలిముద్ర వేశాను. వీడు ఆ రోజు నిద్రపోయినాడు, వీడేం చూస్తాడు అని మామ ఒక్క మాట అంటే చాలు, నా సాక్ష్యం చెల్లదు. ఆయన అనలేదు. కూతురి మొగుడి కూడు గదా.

మేస్త్రి పని పీకేసి ఆయన్ను మిల్లులో చెత్త ఊడ్చేదానికి వేశారు. ఆ ఆదివారం, గనివాళ్లు ఇచ్చిన మా లైను ఇంటికి వచ్చి తన క్లాబారును గడప పక్కన ఆనించాడు. "ఈడ పెట్టి పోతా ఉండాను. తుప్పు పట్టనీయొద్దు," అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా పండగలకు వచ్చాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు, నేను వడ్డించింది తిన్నాడు. నాతో మాత్రం పట్టాల ఊసు ఎత్తలేదు. నాకేమో రాత్రిళ్లు నిద్ర పట్టడానికి ఒక ఏర్పాటు కావాలి గదా. ఏమో, ఆ రోజు ఒక్కడే ఉన్నాడు, ఎండ, తొందర, నిజంగానే వెయ్యలేదేమో అనుకోవడం మొదలుపెట్టాను. కొన్నేళ్లకు అది అనుకోవడం పోయి నమ్మకమైంది. నేనే మేస్త్రినై కొత్తవాళ్లకు బిరడాల గురించి చెప్పేటప్పుడు, పేరు చెప్పకుండా, ఆయన తప్పునే చెప్పేవాణ్ని.

గనులు మూతబడ్డాక పట్టాలన్నీ ఊడబీకి పాత ఇనుము కింద తీసుకుపోవడానికి గుత్తేదారు వచ్చాడు. పీకడం తెలిసినవాళ్లు కావాలన్నాడు. జీవితమంతా కొట్టిన మేకుల్ని కూలికి పీకడానికి పోయాను, ఆ బారే భుజాన వేసుకుని. ప్రమాదం తర్వాత ఆ వంపును వదిలేసి పక్కనుంచి వేరే లైను వేశారు కాబట్టి, పాత వంపు కంపల కింద అట్లాగే ఉంది. చేతితోనే వచ్చేస్తాయి అనుకుని మొదటి మేకును వేళ్లతో లాగాను. కదల్లేదు. బారు పెట్టి వంచాను. కదల్లేదు. ఇంకో మనిషిని కూడా బారు మీద వాలమన్నాను. అప్పుడు అరిచింది. మేకుతో పాటు నల్లగా, తారు కంపుతో, దాన్ని కరిచి పట్టుకున్న బిరడా ముక్క వచ్చింది. నాలుగు పలకలది. వంపు పొడుగునా ఒక్క మేకు కూడా ఊరికే రాలేదు. ట్రాలీ చక్రం అరిగిందో, తోసినవాడు వేగంగా తోశాడో, ఇంక ఎవరు చెబుతారు?

ఆ ముక్క ఇంటికి తెచ్చి ఇంటావిడ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వెలుతురుకు తిప్పి, కత్తి పోయిన వాలు చూసింది. "నేను చెక్కిందే. యాడిది?" అంది. చెప్పాను, నిద్ర సంగతితో సహా, మొదటిసారి. "మా నాయనకు చూపించుపో," అని లోపలికి పోయింది.

మామ అప్పటికి మంచాన ఉన్నాడు. మిల్లు దుమ్ము రొమ్ములో చేరి, మాట కంటే ముందు దగ్గు వచ్చేది. బిరడా చూసి నవ్వాడు. "నాకెందుకప్పా చూపిస్తావు? కొట్టినోణ్ని నేను. నాకు తెలీదా? తెలీనోళ్లకు చూపించుపో," అన్నాడు. తెలీనివాళ్లు ఎవరా అని ఆలోచించాను. విచారణ చేసినవాళ్లు లేరు, ఆఫీసు లేదు, వేళ్లు పోయినవాడు ఎప్పుడో పోయాడు. మిగిలింది నేను ఒక్కణ్నే. "మామా, తప్పైపోయింది," అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి, "బారు తుప్పు పట్టిందా?" అని అడిగాడు. "లేదు మామా," అన్నాను. "సరే," అన్నాడు. నెల తిరక్కుండా పోయాడు.

మామ దినాలు అయిపోయిన తర్వాత, యాభై దాటిన వయసులో, నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇది రాయడం కోసమేనేమో. ప్రతి నెలా క్లాబారుకు నూనె రాస్తాను, కోడలు గొణుక్కుంటుంది. పీకిన బొక్కను ఆ గడియలోనే మూయాలని మామ మొదటి రోజే చెప్పాడు. నేను బిరడా తీసుకుని ఆయన దగ్గరికి పోయేసరికి ఇరవై ఏళ్ల నీళ్లు దిగి ఉన్నాయి.